హోదాకి తగ్గ గాలి

రాష్ట్ర కుంకుడుకాయ, చింతపండు అభివృద్ధి సంస్థ పుట్టి ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో కుంకుళ్ళు ఎంత అభివృద్ధి చెందాయని అడిగితే విశాఖపట్నంలోని ఆ ఆఫీసులో ఒక్కరూ నోరు విప్పరు. మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారి నడుంనొప్పి ఎంత అభివృద్ధి చెందిందని అడిగితే మాత్రం అటెండర్లతో సహా అందరూ పూసగుచ్చినట్టు చెబుతారు.

నొప్పికి మూలం కుర్చీ అనుకొని ముందు కుర్చీ మార్చారు. తర్వాత బల్ల ఎత్తు తగ్గించారు. గుమ్మం ఉన్న దిక్కు మంచిది కాదని ఎవరో అంటే తలుపు ఊడదీసి ఇంకో గోడకి పెట్టారు. ఆ తర్వాత వారం రోజులపాటు ఫైళ్ళు పట్టుకొచ్చిన వాళ్ళంతా పాత గుమ్మం ఉన్న చోట గోడకి గుద్దుకొన్నారు గానీ అయ్యగారి నడుం కుదుటపడలేదు. చివరికి డ్రైవరు పోలినాయుడు ఉండబట్టలేక, "కుర్చీ కాద్సార్, టైర్లు," అన్నాడు.

నిజమే. ఆ కారు కొన్నప్పుడే రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చింది. పంక్చరై గాలంతా పోయినా ఎనభై కిలోమీటర్లు పరిగెత్తడం వాటి గొప్ప. ఆ గొప్ప కోసం వాటి పక్కగోడలు బండరాయంత గట్టిగా చేస్తారు. రోడ్డు మీద ఉన్న గుంత ఏమాత్రం తరగకుండా నేరుగా వచ్చి నడుముకి తగులుతుంది. కుంకుడు తోటలన్నీ ఏజెన్సీ కొండల్లో ఉన్నాయి, గుంతలూ అక్కడే ఉన్నాయి. వారానికొకసారి తనిఖీకి వెళ్ళే పరాంకుశం గారి నడుము ఏ గుంతనీ తప్పించుకోలేకపోయింది.

పోలినాయుడికి రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు స్టీరింగు పట్టి, మనిషి మాట అటుంచి, ఒక్క కోడిని కూడా గుద్దలేదు. అతనికి ఇక మిగిలింది ఒకటే కోరిక: ఆ లెక్క చెడకుండా తాళంచెవి బల్ల మీద పెట్టేసి ఇంటికి వెళ్ళిపోవాలి. నలుగురు కూర్చున్న చోట "కోడిని కూడా గుద్దలేదు" అని చెప్పుకొనేటప్పుడు అతని గొంతు ఇంకొకలా ఉంటుంది. అంత ఇష్టం ఆ మాటంటే.

సరే, టైర్లు మార్చమని ఉత్తర్వు వచ్చింది. మర్రిపాలెంలో టైర్ల షాపు మస్తాను రాళ్ళలాంటి పాతవి పీకి మామూలువి బిగించాడు.

"గురూ, ఇవి మెత్తటివి," అన్నాడు మస్తాను, చేత్తో టైరు పక్కన నొక్కి చూపిస్తూ. "పాతవి వాటి బలంతో అవి నిలబడేవి. వీటికి గాలే బలం. పాత లెక్కలో ముప్పై రెండు కొట్టీసి ఊరుకుంటే మలుపులో బండి ఊగుద్ది. నువ్వు స్టీరింగు తిప్పినాక అర సెకను ఆగి తిరుగుద్ది. కాస్త ఎక్కువ పెట్టాలి. ముందు ముప్పై ఆరు, వెనక ముప్పై నాలుగు పెట్టి చూడు. తర్వాత నీ చేతికి ఎలా కుదిరితే అలా సర్దుకో. నాలుగింటికీ తేడా రానీకు, అది ముఖ్యం. స్టెప్నీ కూడా ఒకటి డిక్కీలో వేయించు, ఇవి పంక్చరైతే పరిగెత్తవు."

పోలినాయుడు రెండు రోజులు ఒంటరిగా బీచిరోడ్డు మీద, కైలాసగిరి మలుపుల మీద తిప్పి చూశాడు. ముప్పై రెండుకి ఊగింది. ముప్పై ఎనిమిదికి ఎగిరింది. నాలుగింటికీ ముప్పై అయిదు పెడితే బాగుంటుందని చేతికి తెలిసిపోయింది గానీ, ఆ ముక్క తేలేసరికి పెట్రోలు బంకులో గాలి మిషను పాడైంది. మర్నాడు మంగళవారం, తనిఖీ. ముందు ముప్పై ఆరు, వెనక ముప్పై నాలుగుతోనే బయల్దేరాల్సి వచ్చింది.

ఆ కారులో ఎవరి చోటు వాళ్ళదే. వెనక ఎడమవైపు పరాంకుశం గారు. ఆయన పక్కన, వెనక కుడివైపు జాయింట్ డైరెక్టరు రత్నప్రభ గారు. ముందు ఎడమవైపు, ఒళ్ళో ఫైళ్ళ కట్టతో పరిపాలనాధికారి చయనులు గారు. ముందు కుడివైపు పోలినాయుడు. ఆ రోజు బండి మెత్తగా పోతోంది. పరాంకుశం గారు గుంతకోసం ఎదురు చూసి, అది తగలకుండానే వెనక్కి వెళ్ళిపోవడంతో ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూశారు. అప్పుడు ఆయన చూపు ముందున్న తెర మీద పడింది.

"అదేమిటోయ్? కారు బొమ్మకి నాలుగు మూలలా అంకెలున్నాయి?"

"గాలండి. ఏ చక్రంలో ఎంతుందో సూపిస్తాదండి."

"నా చక్రమేది?"

చక్రం ఫలానా వాళ్ళదంటూ ఉంటుందని అప్పటిదాకా ఆ కారులో ఎవరికీ తోచలేదు. పోలినాయుడు ఒక్క క్షణం ఆలోచించి, "ఎడం వెనకదండి. ముప్పై నాలుగు," అన్నాడు.

"చయనులుది?"

"ముప్పై ఆరండి."

తర్వాత పన్నెండు కిలోమీటర్లు పరాంకుశం గారు ఆ తెర మీంచి చూపు తిప్పలేదు. చయనులు గారికి ఏసీలో చెమట్లు పట్టాయి. పదమూడో కిలోమీటరు దగ్గర ఆయన వెనక్కి తిరిగి, "నేను అడగలేద్సార్. నాకు తెలియకుండా కొట్టేశాడు," అన్నారు దీనంగా.

"ఇంజను బరువు ముందుంటాది కదండీ, అందుకని..." అని పోలినాయుడు చెప్పబోయాడు.

"బరువు ఎటుంటుందో నాకు తెలుసు," అన్నారు పరాంకుశం గారు.

మర్నాడు పదకొండింటికి మీటింగు. విషయం: సంస్థ వాహనములందు ఆసీనులగు అధికారుల చక్రములకు గాలి కేటాయింపు. పోలినాయుణ్ణి కూడా రమ్మన్నారు, గోడ వారగా నిలబడమన్నారు.

చయనులు గారు రాత్రంతా కూర్చుని తయారుచేసిన పట్టిక చదివారు. "మేనేజింగ్ డైరెక్టరు గారికి నలభై నాలుగు. జాయింట్ డైరెక్టరు గారికి నలభై. పరిపాలనాధికారికి ముప్పై ఆరు, అది కూడా ఇప్పటికే పొందుతున్నది గనుక తగ్గించుట న్యాయసమ్మతం కాదు కాబట్టి."

"నాకు నలభై ఏమిటండీ?" అన్నారు రత్నప్రభ. "నేను డైరెక్ట్ రిక్రూట్‌ని. చయనులు గారు క్లర్కుగా చేరి ప్రమోషన్ల మీద వచ్చారు. ఇద్దరి మధ్యా నాలుగే తేడానా?"

"మేడమ్, మీకూ సారుకీ మధ్య కూడా నాలుగే తేడా," అన్నారు చయనులు గారు. ఆ మాటతో రత్నప్రభ గారు శాంతించారు, పరాంకుశం గారు ముఖం చిట్లించారు. ఈ ఒక్క ముక్క మీద ఇంకో ముప్పావుగంట గడిచింది. టైరు మీద యాభై ఒకటికి మించరాదని అచ్చు వేసి ఉందని పోలినాయుడు గోడ దగ్గర్నుంచి చెప్పకపోతే అయ్యగారి అంకె డెబ్బై దాటేది.

"విశ్రాంత అధికారులు మన కారెక్కితే?" అని ఇంకో సందేహం వచ్చింది.

"చివరిగా పొందిన గాలిలో సగం," అన్నారు చయనులు గారు. ఆయనకి పింఛను రూల్సు కంఠతా వచ్చు.

"అధికారి దారిలో దిగిపోతే?"

"దిగిన చోటనే సదరు చక్రంలో గాలి తీసివేయవలెను. లేనియెడల ఖాళీ సీటు హోదా అనుభవించినట్లగును."

అందరూ తలలూపారు. ఇక ముందు కుడి చక్రం మిగిలింది. గది మొత్తం పోలినాయుడి వైపు చూసింది. అతను ఏ గ్రేడు, ఏ స్కేలు అని చయనులు గారు పాత పుస్తకం తిరగేసి, చివరి పేజీల్లో వెతికి పట్టుకొన్నారు.

"ఇరవై రెండు."

పోలినాయుడు గోడ వదిలి ముందుకొచ్చాడు. "బాబూ, అది నా చక్రం కాదండి, బండి చక్రం. ఎడంపక్క ముప్పై ఆరు, కుడిపక్క ఇరవై రెండంటే బండి కుడికి లాగీస్తాది. కుడిపక్క ఎదురుగా లారీలొస్తాయండి. నాలుగింటికీ ముప్పై అయిదు పెట్టండి, ఎన్నలాగ పోద్ది."

"కుడికి లాగితే నువ్వు ఎడమకి లాగు," అన్నారు చయనులు గారు. "అందుకే కదయ్యా సంస్థ నిన్ను నియమించింది?"

తీర్మానం ఏకగ్రీవం. గోడ వారగా నిలబడ్డ వాళ్ళకి ఓటు లేదు.

ఆ తర్వాతి మంగళవారం నుంచి పోలినాయుడి బతుకు బంకు దగ్గరే తెల్లవారింది. నాలుగు చక్రాలకి నాలుగు కొలతలు పెట్టించేసరికి వెనక ఆటోలవాళ్ళు బారులు తీరి హారన్లు కొట్టేవారు. బండెక్కితే రెండు చేతులా ఎడమకి లాగుతూ కూర్చోవాలి. సాయంత్రానికి భుజాలు పీక్కుపోయేవి. కుడి ముందు చక్రంలో గాలి చాలలేదని తెర మీద ఎర్రగుర్తు మెరుస్తూ కీచుకీచుమని అరిచేది. "బంట్రోతు భుజాన వేసే డవాలు కూడా ఎరుపే," అన్నారు చయనులు గారు. దాంతో ఆ అరుపుకి కూడా ఆఫీసు ఆమోదం దొరికినట్టయింది.

పరాంకుశం గారి సంగతి ఇంకా చూడాలి. నలభై నాలుగు మీద ఆయన ఎడమ చక్రం గుంత గుంతకీ బంతిలా ఎగిరేది. టైర్లు మార్చింది ఏ నడుం కోసమో ఆ నడుం ఇప్పుడు పాతరోజుల కన్నా అధ్వాన్నంగా కుదుపులు తింటోంది. తల రెండుసార్లు పైకప్పుకి కొట్టుకొంది. అయినా ఆయన కిమ్మనలేదు. తగ్గించమని నోరు తెరిస్తే తన చేత్తో తన హోదా తగ్గించుకొన్నట్టవుతుంది. పక్కనే నలభై మీద ఎగురుతున్న రత్నప్రభ గారు కూడా పళ్ళు బిగించుకొని కిటికీలోంచి ప్రకృతిని చూస్తున్నారు.

ఒకరోజు రత్నప్రభ గారు పెందుర్తిలో చుట్టాలింటి దగ్గర దిగిపోయారు. ఉత్తర్వు ప్రకారం పోలినాయుడు బండి పక్కకి ఆపి, కిందికి దిగి, ఆమె చక్రంలో గాలి బుస్సుమని తీసేశాడు. వీధిలో వాళ్ళంతా గుమిగూడి చూశారు. ఆమె గుమ్మంలో నిలబడి, తనకి వీడ్కోలు పలికే లాంఛనం అనుకొని, నమస్కారం పెట్టారు. అక్కణ్ణుంచి బండి మూడు కాళ్ళ మీద కుంటుకొంటూ వచ్చింది.

నాలుగో వారం సబ్బవరం రోడ్డు మీద అసలు ముప్పు వచ్చింది. ఎదురుగా ఇసుకలారీ. అంతకు ముందే ఒక గొయ్యి తప్పించబోయి పోలినాయుడు పట్టు వదులు చేశాడు. ఆ ఒక్క క్షణంలో బండి అలవాటు ప్రకారం కుడికి వెళ్ళిపోయింది. లారీ హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. పోలినాయుడు ఉన్న బలమంతా పెట్టి లాగాడు. మెత్తటి టైరు కదా, బండి కాసేపు ఆలోచించి తర్వాత తిరిగింది. లారీ అద్దం వీళ్ళ అద్దాన్ని తాకి మడిచేసి పోయింది.

పోలినాయుడు బండి ఆపి స్టీరింగు మీద తల ఆనించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి అతనికి బండంటే భయం వేసింది. తన కొత్త టైర్లలో ఏ దోషమూ లేదు, తన చేతుల్లో ఏ దోషమూ లేదు, అయినా ఒకరోజు ఈ ముగ్గుర్నీ తనే చంపేస్తాడు.

మర్నాడు అతనికి మెమో వచ్చింది: "వాహనమును నడుపునపుడు తాము పదేపదే కుడివైపునకు మొగ్గు చూపుచున్నట్లు పై అధికారుల దృష్టికి వచ్చినది. నిష్పాక్షికంగా నడపవలసిన ఉద్యోగి ఇట్లు ఒకవైపు మొగ్గుట క్రమశిక్షణారాహిత్యము. తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

పోలినాయుడు ఆ కాయితం పట్టుకొని చయనులు గారి గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఒక వింత జరిగింది. ఆ మెమో తన చేత్తో రాసిన చయనులు గారు లేచి వెళ్ళి తలుపు వేశారు.

"నాయుడూ, కూర్చో," అన్నారు రహస్యంగా. "నిన్న ఆ లారీ డ్రైవరు మీసాలు చూశాను నేను. ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టగలను. రాత్రి కంటిమీద కునుకు లేదు. దీనికి ఏదో ఒకటి చెయ్యాలి."

"నా చక్రానికి గాలి పెంచండి బాబూ. ఏటుంది దాన్లో?"

"హోదా పెరక్కుండా గాలి ఎలా పెంచుతానయ్యా? ఆడిటు ఊరుకుంటుందా?" ఆయన బీరువా తీసి, దుమ్ము కొట్టి, లావుపాటి రిజిస్టరు తెరిచారు. "అందుకని రాత్రంతా ఆలోచించాను. ప్రమోషన్లు ఇవ్వలేం, నిషేధం ఉంది. కానీ ఖాళీగా ఉన్న పోస్టుకి పూర్తి అదనపు బాధ్యతలు ఎవరికైనా అప్పగించవచ్చు. దానికి నిషేధం లేదు. మన దగ్గర మంజూరై ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క పోస్టు."

ఒకప్పుడు కుంకుడుకాయలకీ చింతపండుకీ వేరువేరు సంస్థలు ఉండేవి. రెండింటినీ కలిపినప్పుడు చింతపండు మేనేజింగ్ డైరెక్టరు పోస్టు తీసెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా అది రిజిస్టరులో అలాగే పడి ఉంది.

మూడు రోజుల్లో ఫైలు సిద్ధమైంది. "ముందు కుడి చక్రమునకు బాధ్యుడైన శ్రీ ఎల్. పోలినాయుడుకు, చక్ర ప్రయోజనముల నిమిత్తము మాత్రమే, మేనేజింగ్ డైరెక్టరు (చింతపండు) పదవి యొక్క పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది." దాన్ని ఇంకో ఇరవై ఫైళ్ళ మధ్య పెట్టి చయనులు గారు తీసుకెళ్ళారు. పరాంకుశం గారు నడుం కింద వేడినీళ్ళ సంచీ పెట్టుకొని, కళ్ళు మూసుకొని, ఇరవై ఒక్క సంతకాలు పెట్టారు.

"ఇక నీకూ నలభై నాలుగు," అన్నారు చయనులు గారు సంబరంగా, పోలినాయుడి చేతికి ఒక ఆకుపచ్చ సిరా పెన్ను ఇస్తూ.

పోలినాయుడు పెన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ చక్రం ముప్పై ఆరు, నాది నలభై నాలుగైతే ఇప్పుడు ఎడంపక్కకి లాగుద్ది బాబూ."

"లాగనీ. ఎడమవైపు నుంచి లారీలు రావుగా."

"లారీలు రావండి. ఘాట్లో ఎడంపక్క లోయుంటాది."

చయనులు గారు కుర్చీలో కూలబడ్డారు.

ఆ మాట పూర్తి కాకముందే రత్నప్రభ గారు తలుపు తోసుకొని లోపలికి వచ్చారు. ఉత్తర్వు నకలు ఆమె చేతిలో రెపరెపలాడుతోంది. "ఏమిటండీ ఇది? నా కారు డ్రైవరుకి నాకంటే నాలుగు ఎక్కువా?"

"చక్ర ప్రయోజనాలకి మాత్రమే మేడమ్."

"అలాగే కానివ్వండి. వాహన నియమావళి పదిహేడో నియమం చదివారా? మేనేజింగ్ డైరెక్టరు హోదా గల ఏ అధికారీ సంస్థ వాహనాన్ని స్వయంగా నడపరాదు. హోదాకి భంగం." ఆమె పోలినాయుడి వైపు తిరిగి, చిన్న తటపటాయింపు తర్వాత, "తమరు ఆ తాళంచెవి ఇలా ఇచ్చెయ్యాలి," అన్నారు.

అలా పోలినాయుడి చేతిలోంచి తాళంచెవి పోయింది. ఎప్పుడో రిటైరయ్యే రోజున, తన ఇష్టంగా బల్ల మీద పెట్టాలనుకొన్నది, ఎవరో చెయ్యి చాపితే ఇచ్చెయ్యాల్సి వచ్చింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అది శనివారం మధ్యాహ్నం. సోమవారం ఉదయం పాడేరులో కుంకుడు రైతుల సభ. పరాంకుశం గారు ఘాట్ ఎక్కి వెళ్ళి దాన్ని ప్రారంభించాలి. తాత్కాలిక డ్రైవరు కోసం చయనులు గారు ఫోన్ల మీద ఫోన్లు చేసి అనకాపల్లి నుంచి ఒకతన్ని కుదిర్చారు. అతను ట్రాక్టరు బాగా నడుపుతాడట. కారు నడపడం తెలుసునని చెప్పాడట.

"అతనికి ఎంత గాలండి?" అని అడిగాడు పోలినాయుడు.

"తాత్కాలికం కదా," అన్నారు చయనులు గారు నీరసంగా. "పద్దెనిమిది."

పోలినాయుడు షెడ్డులోకి వెళ్ళి కారు పక్కన నిలబడ్డాడు. ఆ ఘాట్ మలుపులు అతనికి కొట్టినపిండి. పద్దెనిమిది గాలితో, కొత్త చేతుల్లో, ఎగిరే వెనక చక్రాలతో ఈ బండి మూడో మలుపు దాటదు. కోడిని గుద్దని తన లెక్క సంగతి అలా ఉంచి, వెనక సీట్లో కూర్చొని నడుం పట్టుకొని మూలిగే ఆ మనిషి మీద అతనికి నిజంగా జాలేసింది. పదేళ్ళుగా తిప్పుతున్న మనిషి. మంచోడే, సంతకాలు ఎక్కువ పెడతాడు, అంతే.

అతను గిరుక్కున వెనక్కి తిరిగి చయనులు గారి గదికి నడిచాడు. ఈసారి అడక్కుండానే కూర్చొన్నాడు.

"బాబూ, నాను ఇప్పుడు మేనేజింగ్ డైరెక్టర్నే కదా?"

"చక్రాలకి సంబంధించినంతవరకు... ఆఁ."

"చక్రాల మీద ఆర్డరు వెయ్యొచ్చా?"

చయనులు గారు రిజిస్టరు తిరగేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చూశారు. "నిరభ్యంతరంగా వెయ్యొచ్చు," అన్నారు, తనకే ఆశ్చర్యంగా.

"అయితే రాయండి. నాలుగు సెక్రాలకీ ముప్పై అయిదు. ఎవులు కూకున్నా అంతే, కూకోకపోయినా అంతే. నాకూ అంతే."

చయనులు గారి పెన్ను ఆగింది. "నాకు ఒకటి తగ్గుతుంది," అన్నారు మెల్లిగా. ఆ ఒకటీ ఆయనకి చాలా ఏళ్ళ శ్రమ. కాసేపు కిటికీ వైపు చూశారు. అక్కడ ఆయనకి ఆ లారీ మీసాలు కనిపించి ఉంటాయి, నిట్టూర్చి రాయడం మొదలుపెట్టారు: "సంస్థ వాహనముల చక్రములన్నిటియందును, ఆసీనుల హోదాతో నిమిత్తము లేకుండ, ముప్పై అయిదు చొప్పున గాలి నింపవలెను. ఇది తక్షణమే అమలులోకి వచ్చును."

"ఇంకోటి. ఈ సింతపండు డైరెక్టరు పోస్టు ఇయాలే తీసీండి. అదుంటే నన్ను బండి ముట్టుకోనివ్వరు."

"నాయుడూ, ఆలోచించుకో. మళ్ళీ రాదు. నేను ముప్పై ఏళ్ళు చేశాను, ఆకుపచ్చ సిరాకి ఇంకా రెండు మెట్లు కింద ఉన్నాను."

"మీకు కావాలంటే పెన్ను ఉంచుకోండి బాబూ. నాకు తాళంచెవి ఇప్పించండి."

పోస్టు రద్దు ఉత్తర్వు కూడా అదే కాగితం మీద రెండో పేరాగా చేరింది. పోలినాయుడు ఆకుపచ్చ సిరాతో, నాలుక కొరుక్కొంటూ, ఒక్కొక్క అక్షరం చెక్కినట్టు సంతకం చేశాడు. ఆ చుక్కతో అతని పదవి ముగిసింది. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు ఉన్నాడు. ఆ కాలంలో సంస్థలో జరిగిన పని అదొక్కటే.

సోమవారం ఉదయం పరాంకుశం గారు కారెక్కుతూనే తెర వైపు చూశారు. నాలుగు మూలలా ముప్పై అయిదు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎవడి ఉత్తర్వు ఇది?"

చయనులు గారు కాగితం అందించారు. ఆకుపచ్చ సిరా చూసి పరాంకుశం గారి గొంతు కొంచెం తగ్గింది. పైనున్న సంతకం చెక్కీ చెక్కీ పోల్చుకోలేని గీతల్లా ఉంది, కిందనున్న హోదా మాత్రం స్పష్టంగా ఉంది.

"చింతపండు ఎమ్.డి.నా? మనకి అలాంటివాడు ఒకడున్నాడా?"

"తమరే వేశారండి, మొన్న," అన్నారు చయనులు గారు.

ఎందుకు వేశానని అడిగితే చదవకుండా వేశానని తేలిపోతుంది. పరాంకుశం గారు దగ్గారు. "సరే, దీన్ని నేను రద్దు చేస్తున్నాను."

"సమాన హోదా అధికారి ఉత్తర్వుని సమాన హోదా అధికారి రద్దు చెయ్యకూడదండి," అన్నారు రత్నప్రభ. డ్రైవరు గాలి తనకన్నా ఎక్కువ కాకుండా పోయినందుకు ఆమె చాలా ప్రశాంతంగా ఉన్నారు. "ఆయన్నే ఒప్పించి ఆయన చేతే మార్పించాలి."

"అయితే పిలిపించండి."

"పోస్టు రద్దయిందండి," అన్నారు చయనులు గారు. "రెండో పేరాలో ఉంది. మార్చే అధికారం ఉన్న వాళ్ళు ఇక ఎవరూ లేరు."

పరాంకుశం గారు ఆ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి మడిచి ఇచ్చేశారు. పోలినాయుడు బండి తీశాడు. అనకాపల్లి నుంచి వచ్చిన తాత్కాలిక డ్రైవరు ఆఫీసు గేటు దగ్గర టీ తాగుతూ చెయ్యూపాడు.

ఘాట్ మొదలైంది. పోలినాయుడు మొదటి మలుపులో స్టీరింగు తిప్పాడు. బండి తిరిగింది. కుడికి లాగలేదు, ఎడమకి లాగలేదు, ఎగరలేదు. మెత్తగా రోడ్డుని పట్టుకొని, అతను చెప్పినంత మేర తిరిగి, చెప్పినచోట ఆగింది. అతనికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. నెల రోజుల తర్వాత భుజాలు వదులయ్యాయి. నాలుగో మలుపు దాటేసరికి చయనులు గారు డాష్‌బోర్డు మీద నుంచి చేతులు తీశారు. తొమ్మిదో మలుపు దగ్గర పరాంకుశం గారు గురక పెట్టారు.

కొండ మీద, పసుపు చేల పక్కన ఆయనకి మెలకువ వచ్చింది. నడుం కింద చెయ్యి పెట్టి చూసుకొన్నారు. మళ్ళీ చూసుకొన్నారు. నొప్పి లేదు. ఏదో అన్యాయం గుర్తొచ్చినట్టు నిట్టూర్చారు.

"ఆ చింతపండు ఎమ్.డి. ఎవడోగానీ మహా మొండివాడోయ్. నాతో సమానమైన హోదా ఉండి, ఒక్క పూటలో పోస్టు పోగొట్టుకొన్నాడు. ఇప్పుడేం చేస్తున్నాడో?"

చయనులు గారు ఫైళ్ళలో తల దూర్చేశారు. పోలినాయుడు హారను కొట్టి, మలుపు నెమ్మదిగా తిప్పి, బండిని నిటారుగా తెచ్చాక చెప్పాడు.

"మళ్ళీ డ్రైవింగులోకే వచ్చీసినాడండి."

"అంత హోదా నుంచా! పాపం," అని పరాంకుశం గారు మళ్ళీ కళ్ళు మూసుకొన్నారు.